బల్లెం కర్ర గొట్టం అంచునే ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: ప్రదర్శనకు పాతకాలపు వేట బల్లెం సిద్ధం చేస్తున్నాం. మొన గొట్టం మూతి లోపలి కొలత 28 మి.మీ., లోతు 4 అంగుళాలు. కోత మిల్లు టేకు కర్ర రెండుసార్లు గొట్టం అంచు దగ్గరే విరిగింది. ఏ కలప వాడాలి?

జవాబు: ముందు విరిగిన చోటు చూడండి. పొడవాటి పీచులు లేచి ఉంటే కర్ర బరువుకు ఓడింది. ఏటవాలుగా, పలకలా నున్నగా తెగి ఉంటే నార (కలపలో పీచు సాగే వరస) పక్కకు పోయిందని అర్థం. రంపం నారను చూడదు, గీసిన గీతనే కోస్తుంది. అందుకే దుంగను ఇనప మేకులతో (ఒక కొస పలచగా ఉండే దిమ్మెలతో) నిలువునా చీల్చి, నడిమి బెండు తీసేయాలి. చీలిక మెలి తిరిగితే ఆ ముక్క వదిలేయండి, చిత్రిక పట్టి సరిచేద్దామనుకోవద్దు.

చరచి గానీ చిరుమాను గానీ వాడండి. గొడ్డలి కామలకు పనికొచ్చే కలపలు ఇవి. కలప డిపోలో కొనండి, అడవిలో కొట్టకండి. చివర్లకు మైనం పూసి నీడన ఆరబెట్టండి. వారంవారం తూచండి, బరువు తగ్గడం ఆగాకే చెక్కాలి. పచ్చిదైతే బిగించాక ముడుచుకుని వదులవుతుంది.

32 మి.మీ. చదరంగా చెక్కి, ప్రతి ముఖం మీదా 9, 14, 9గా గీతలు గీసి మూలలు తీస్తే ఎనిమిది పలకలొస్తాయి. తర్వాత పదహారు, ఆపైన గుండ్రం.

ప్రశ్న: గొట్టంలోకి ఎలా దించాలి?

మరో జవాబు: అసలు తప్పు అక్కడే జరుగుతుంది అన్నా. గొట్టం అంచు దగ్గర మెట్టులా కోస్తే ఒత్తిడంతా ఆ గాటు మీదే పడుతుంది. జానెడు దూరం నుంచే సన్నగా దించుకు రండి. గొట్టం లోపల దీపపు మసి పూసి, కర్ర దూర్చి తిప్పి తీయండి. మసి అంటినచోటే గీకాలి. మూతి దగ్గర చుట్టూ సమంగా అంటేదాకా ఇదే పని. కర్ర కొస అడుగుకు 3 మి.మీ. ఎడంగా ఉండాలి, లేకపోతే అడుగు తగిలి మూతి వదులుగానే మిగులుతుంది. రివెటు బెజ్జం అంచుకు దూరంగా వేయండి.

సాధన వెదురు (లోపల గుల్ల తక్కువగా ఉండే గట్టి వెదురు) వాడేవాళ్లు మాత్రం పైతోలు గీకకూడదు, బలం ఎక్కువగా అందులోనే ఉంది. గొట్టానికి సరిపోయే లావు బొంగునే వెతుక్కోవాలి, కొసన కణుపు ఉండేలా చూసుకోవాలి.

వార్నిష్ వద్దు, చెయ్యి జారుతుంది. అవిసె నూనె పల్చగా పట్టించి, మిగిలింది తుడిచి, ఆరాక మళ్లీ పట్టించండి. ఆ నూనె గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతటవే నిప్పంటుకోవచ్చు, విప్పి ఆరేయండి.