తెలంగాణ పీఠభూమి, రాయలసీమ పీఠభూమి: నిజంగా తేడా ఉందా?

ప్రశ్న:
హైదరాబాద్ నుంచి అనంతపురం, అక్కడి నుంచి తాడిపత్రి మీదుగా కడప వెళ్ళాను. గుత్తి కోట ఉన్న కొండ చూస్తే మన భువనగిరి గుట్టే గుర్తొచ్చింది, అదే రాయి, అదే ఎర్రనేల. తాడిపత్రి వచ్చేసరికి మాత్రం రాయి పలకలు పలకలుగా, పుస్తకాలు పేర్చినట్టు కనిపించింది. పుస్తకాల్లో రెండూ వేరువేరు పీఠభూములని రాస్తారు కదా, మరి తేడా కృష్ణ దగ్గర కాకుండా సీమ మధ్యలో కనిపించిందేంటి?

జవాబు 1:
మీరు చూసింది కరెక్టే. కృష్ణ, తుంగభద్ర మనకు హద్దులు గానీ రాయికి కాదు. పాలమూరు నుంచి అనంతపురం దాకా అడుగున ఉన్నది దాదాపు ఒకటే, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, నైస్ (వేడికి, ఒత్తిడికి మారిపోయిన చారల రాయి). ఆ రాయి పగుళ్ళ వెంట అరిగి అరిగి గుండ్లుగా మిగులుతుంది, హైదరాబాద్‌లో ఒకదానిమీద ఒకటి నిలబడే బండలు అలా వచ్చినవే. అసలు తేడా కడప హరివాణం, అంటే పళ్ళెంలా కుంగి పొరలు నిండిన ప్రాంతం (బేసిన్). అక్కడ నేల కుంగింది, సముద్రం వచ్చింది, ఇసుకా బురదా సున్నమూ పొరలుగా పేరుకుని గట్టిపడ్డాయి. మీరు చూసిన నాపరాయి అదే. గండికోటలో పెన్న కోసుకుపోయిన లోయ అంచున నిలబడితే ఆ పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. బెలుం గుహలు కూడా ఆ సున్నపురాయిని నీళ్ళు కరిగించబట్టే వచ్చాయి, గ్రానైటులో అలాంటివి ఏర్పడవు.

జవాబు 2:
రాయితో పాటు వాన కూడా చూడాలి. తెలంగాణ సగటు సుమారు 900 మి.మీ., అనంతపురంలో 550 దగ్గర. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, బంగాళాఖాతం నుంచి వచ్చే వాన అంత లోపలికి వచ్చేసరికి పలచబడుతుంది. అయితే గద్వాల, అలంపురం వైపు కూడా సీమలాగే వాన తక్కువ, కాబట్టి ఇక్కడా నదిని గీతగా పెట్టుకోకండి. చెరువుల విషయంలో మాత్రం ఓరుగల్లు వైపు నేల ఎగుడుదిగుడుగా ఉండడం బాగా కలిసొచ్చింది, ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు కట్టుకున్నారు. సీమలోనూ పెద్ద చెరువులు లేకపోలేదు, పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది.

జవాబు 3:
పై ఇద్దరూ వదిలేసినవి రెండు. నల్లమల కృష్ణ దాటి అమ్రాబాద్ దాకా ఉంది, అంటే కడప హరివాణపు రాళ్ళు తెలంగాణలోనూ ఉన్నాయి. తాండూరు బండలు కూడా పొరల సున్నపురాయే, కానీ అది వేరే హరివాణం, భీమా నది వైపుది. ఇక ఉత్తర తెలంగాణకు సీమలో పోలికే లేదు, ఆదిలాబాద్‌లో లావా పరుచుకున్న నల్లరాతి నేల, గోదావరి లోయలో సింగరేణి బొగ్గు.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సండీ. గ్రానైటు మీద కడప పొర కూర్చున్న చోటు కళ్ళారా చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

జవాబు 1:
తిరుమల ఘాట్ రోడ్డు. కింద గ్రానైటు, పైన క్వార్ట్జైటు (గట్టిపడిన ఇసుకరాయి), మధ్యలో ఒక గీత, ఆ గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు, అంటే ఆ కాలపు రాళ్ళు అక్కడ లేవు. జియలాజికల్ సర్వే బోర్డు పెట్టి ఉంటుంది, బస్సులో అయితే కిటికీ పక్క సీటు చూసుకోండి.