గోండి మాట్లాడే రోగి వెంట బంధువు ఉంటే చాలదా?

అడవిదారి: ఏజెన్సీ ఆసుపత్రుల్లో రోగి మాట డాక్టరుకి, డాక్టరు మాట రోగికి చెప్పడానికి గోండి, కోయ, సవర లాంటి ఆదివాసీ భాషలు తెలిసిన మనిషిని జీతమిచ్చి పెట్టాలని మొన్న నేనంటే, "వెంట ఎవరో ఒకరు వస్తారుగా" అని కొట్టిపారేశారు. వచ్చేదెవరు? మొగుడో, మామో, బడికెళ్లే పిల్లాడో. నెలసరి తప్పిన సంగతి, కడుపు పోయిన సంగతి రోగిగా వచ్చిన అమ్మాయి వాళ్ల చేత చెప్పిస్తుందా?

పీజీ రెండో ఏడు: ఒక్కసారి సంత రోజున ఓపీలో కూర్చుని చూడండి. మనిషికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఆలిండియా కోటాలో ఉత్తరాది నుంచి వచ్చిన మా పీజీ డాక్టర్లకి తెలుగే రాదు, ముందు అది చూడండి. పైగా ఏ భాషకని పెడతారు? ఉట్నూరు వైపు గోండితో పాటు కొలామీ, సీతంపేటలో సవర, పాడేరు వైపు కువి, ఆదివాసీ ఒడియా. డాక్టరే యాభై వాక్యాలు బట్టీ కొడితే సరిపోతుంది.

స్టాఫ్ నర్సు: ప్రశ్నలైతే బట్టీ కొట్టి అడుగుతారు సార్, జవాబు అర్థం కావద్దా? టీబీ పరీక్షకి డబ్బా ఇచ్చి, తెమడ ఎలా తీయాలో వెంట వచ్చిన తమ్ముడికి అంతా చెప్తాం. అతను అక్కకి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. మర్నాడు డబ్బాలో ఉత్త నురుగు. ల్యాబ్ వాళ్లు పనికిరాదంటారు. మళ్లీ బస్సు ఛార్జీలు, మళ్లీ కూలి పోవడం. మా ఆయా గోండిలో చెబుతూ, గుండెల నిండా గాలి పీల్చి లోపల్నుంచి దగ్గి చూపిస్తే ఆ అక్కే సరిగ్గా తెచ్చింది. ఇందుకు ఆయాకి పైసా రాదు, వార్డు తుడవడం ఆలస్యమైందని తిట్లు మాత్రం వస్తాయి.

డాలస్ తెలుగు: ఇక్కడ అమెరికాలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు తీసుకునే ఆసుపత్రి దుబాసీని, అంటే మాట మార్చి చెప్పే మనిషిని, ఉచితంగా ఇవ్వాలి. అత్యవసరమైతే తప్ప పిల్లల చేత చెప్పించకూడదని 2016లో నిబంధన కూడా వచ్చింది. మా అమ్మతో ఫోన్లో ఒక తెలుగావిడ మాట్లాడింది. కొడుకునైన నాకు ఏనాడూ చెప్పని మూత్రం సమస్య ఆవిడకి చెప్పేసింది.

లెక్కల మనిషి: అమెరికా బడ్జెట్ మనకెక్కడిదండీ? ఆశా కార్యకర్తలున్నారుగా, వాళ్లని పంపితే సరి.

అడవిదారి: ఆశాది అదే ఊరండీ. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు నిర్మూలనకి 2023లో జాతీయ మిషన్ మొదలైంది, తండాలూ గూడేలూ తిరిగి పరీక్షలు చేస్తున్నారు. ఫలానా పిల్ల క్యారియర్ అని, అంటే తనకి జబ్బు లేకున్నా పిల్లలకి రావచ్చని, ఊళ్లో పొక్కితే కుదిరిన సంబంధం కూడా తప్పిపోతుంది. ఆశా మంచిదే కావచ్చు, కానీ ఆ పిల్లకి ఆమె ముందు నోరు పెగలదు. ఇక సంతకాల సంగతి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? చికిత్స ఏమిటో, ముప్పేమిటో, వేరే దారి ఉందో లేదో రోగికి తగినంత చెప్పాకే ఒప్పుకోలు చెల్లుతుందని. తెలియని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టేస్తే అది ఒప్పుకోలా? ఎక్కువమంది మాట్లాడే ఒక్క భాషకి మనిషిని పెట్టండి, మిగతావాటికి ఫోన్ లైను చాలు.

పీజీ రెండో ఏడు: సరే, ఆపరేషన్ సంతకాల వరకు ఒప్పుకుంటా. ఓపీకి మాత్రం కుదరదు.

స్టాఫ్ నర్సు: ఓపీకే ముందు కావాలి సార్. ఆపరేషన్ దాకా వచ్చేది కొద్దిమందే. మిగతావాళ్లంతా మందుల కిటికీ దగ్గర కవరు పట్టుకుని, ఏది పొద్దున, ఏది రాత్రి అని పక్కవాళ్లని అడుగుతుంటారు. పోస్టు వేస్తే మా ఆయా పేరు ముందు రాయండి.