డీఆర్‌ఎస్ లేని మ్యాచ్‌ల్లో ఎడ్జ్ తగిలితే బ్యాటర్ తనంతట తానే వెళ్లిపోవాలా?

కవర్‌పాయింట్:
మా లీగ్‌లో డీఆర్‌ఎస్, అంటే అంపైర్ నిర్ణయాన్ని రీప్లేలతో సమీక్షించే పద్ధతి లేదు, థర్డ్ అంపైర్ లేడు. గొడవంతా కీపర్ క్యాచ్‌ల దగ్గరే వస్తోంది. వచ్చే సీజన్ నుంచి ఎడ్జ్ తగిలిందని, అంటే బంతి బ్యాట్ అంచును తాకిందని తెలిసిన బ్యాటర్ అంపైర్ వేలెత్తేదాకా ఆగకుండా వెళ్లిపోవాలని అన్ని టీమ్‌లతో ఒప్పందం చేసుకుందామనే ప్రతిపాదన వచ్చింది. కొందరు సరే అంటున్నారు, కొందరేమో మరి అంపైర్ ఉన్నది దేనికని అడుగుతున్నారు. నిబంధనల ప్రకారం బ్యాటర్‌కు ఆ బాధ్యత ఉందా? సన్నటి ఎడ్జ్‌లను మంచి అంపైర్లు కూడా ఎందుకు పట్టుకోలేకపోతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

స్క్వేర్‌లెగ్:
బాధ్యత లేదండీ. ఫీల్డర్ అప్పీల్ చేయనిదే, అంటే ఔటా అని అడగనిదే అంపైర్ ఔటివ్వకూడదని 31వ నిబంధన చెబుతుంది. ఔటైన బ్యాటర్ అప్పీల్‌తో పని లేకుండా వెళ్లిపోవచ్చని కూడా అందులోనే ఉంది. వెళ్లొచ్చు అన్నారు గానీ వెళ్లి తీరాలని ఎక్కడా అనలేదు. 2000లో నిబంధనలకు చేర్చిన 'స్పిరిట్ ఆఫ్ క్రికెట్' ముందుమాటలో, ఔట్ కాదని తెలిసీ అప్పీల్ చేయడం ఆట స్ఫూర్తికి విరుద్ధమని అప్పట్లో రాశారు. ఔటని తెలిసీ నిలబడటం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఫీల్డర్‌కు పెట్టిన షరతు బ్యాటర్‌కు పెట్టకపోవడం నా దృష్టిలో లోపమే.

ఇక ఎడ్జ్‌లు ఎందుకు తప్పిపోతాయంటే, మొదటి కారణం శబ్దం ఆలస్యంగా రావడం. అంపైర్‌కూ బ్యాట్‌కూ మధ్య దాదాపు 20 మీటర్లు ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి 'టిక్' చెవిన పడేసరికి 0.06 సెకను గడుస్తుంది. గంటకు 110 కిలోమీటర్ల బంతి ఆలోగా బ్యాట్ దాటి దాదాపు 1.8 మీటర్లు వెళ్లిపోయి ఉంటుంది. అంటే కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ ఒకే క్షణానివి కావు. స్పిన్‌కు కీపర్ స్టంప్స్ దగ్గరికి వచ్చి నిలబడితే ఇది ఇంకా కష్టం. ఎడ్జ్ శబ్దం చెవిన పడే సమయానికి కంటికి బంతి గ్లోవ్స్‌లోకి చేరుతూ కనిపిస్తుంది. దాంతో అది గ్లోవ్స్ చప్పుడే అనుకుని నాటౌట్ ఇచ్చేస్తారు. గాలి అంపైర్ వైపు నుంచి బ్యాటర్ వైపు వీస్తుంటే సన్నటి ఎడ్జ్ అసలు వినిపించకపోవచ్చు.

అందుకని చెవికి రెండో స్థానమే ఇవ్వాలి. బ్యాట్ దాటాక బంతి దారి మారిందా, సీమ్ (బంతి మీది కుట్టు) నిలకడగా తిరుగుతున్నది ఒక్కసారిగా తడబడిందా, కీపర్ గ్లోవ్స్ చివరి క్షణంలో పక్కకు జరిగాయా అన్నవి చూడాలి. బ్యాట్ ప్యాడ్‌కు తగిలితే మొద్దు శబ్దం, బంతి చెక్క అంచుకు తగిలితే పదునైన శబ్దం వస్తాయి. కానీ ప్యాడ్ బకిల్‌కు తగిలినా పదునుగానే వినిపిస్తుంది. శబ్దం వచ్చిందని వేలెత్తేస్తే మోసపోతారు.

స్టంప్స్‌కు మరీ దగ్గరగా నిలబడటం ఇంకో పొరపాటు. నోబాల్ కోసం బౌలర్ ముందు కాలు చూసి, వెంటనే తలెత్తి బంతిని పట్టుకోవాలి. దగ్గరగా ఉంటే చూపు చాలా దూరం తిప్పాల్సి వస్తుంది, ఈలోపు బంతి సగం పిచ్ దాటేస్తుంది. ఒకటి రెండు అడుగులు వెనక్కి జరిగితే కాలు, బంతి రెండూ చూపులో ఇముడుతాయి.

మూడోస్లిప్:
స్క్వేర్‌లెగ్ గారూ, నిబంధన సంగతి సరే. ఇంత కష్టమని మీరే వివరించారు కదా, మరి నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు మెదపకుండా నిలబడటం ఎలా న్యాయం అవుతుంది? 2003 ప్రపంచకప్ సెమీఫైనల్లో శ్రీలంక మీద ఆస్ట్రేలియా బ్యాటర్ గిల్‌క్రిస్ట్ స్వీప్ ఆడబోతే బంతి బ్యాట్‌ను తాకి ప్యాడ్ మీద నుంచి లేచింది. అంపైర్ కోర్ట్‌జెన్ ఔటివ్వలేదు. అయినా గిల్‌క్రిస్ట్ వెళ్లిపోయాడు. 2011 ప్రపంచకప్‌లో చెన్నైలో వెస్టిండీస్ మీద సచిన్ 2 పరుగుల దగ్గర చేసిందీ అదే. నిలబడితే ఏమవుతుందో కూడా చూశాం. 2008 సిడ్నీ టెస్టులో భారత్ మీద ఆస్ట్రేలియా బ్యాటర్ సైమండ్స్ 30 దగ్గర ఎడ్జ్ ఇచ్చి, అంపైర్ బక్నర్ నాటౌట్ అనడంతో 162 నాటౌట్‌గా మిగిలాడు. 2013లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో ఆస్ట్రేలియా మీద ఇంగ్లండ్ బ్యాటర్ బ్రాడ్ 37 దగ్గర బతికిపోయి మరో 28 పరుగులు చేశాడు. ఇంగ్లండ్ గెలిచింది 14 పరుగులతో. ఆస్ట్రేలియా చేతిలో రివ్యూ మిగల్లేదు. మీ లీగ్‌లో ప్రతి మ్యాచ్ రివ్యూల్లేని మ్యాచే! ఒప్పందం పెట్టండి.

నాన్‌స్ట్రైకర్:
బ్రాడ్ సంగతిలో ఒక్క విషయం కలపాలి. బంతి ఎడ్జ్ తగిలి, కీపర్ హాడిన్ గ్లోవ్‌ను రాసుకుని స్లిప్‌లో క్లార్క్ చేతికి వెళ్లింది. పక్కకు పోయిన దూరమంతా ఎడ్జ్ వల్ల వచ్చింది కాదు. అందరికీ అంత స్పష్టంగా కనిపించిన దాన్ని అంపైర్ అలీమ్ దార్ ఎలా వదిలేశాడని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ ఒప్పందానికి నేను వ్యతిరేకం. బ్యాటర్‌కు నిజం తెలుసని మీరనుకుంటున్నారు. అన్నిసార్లూ తెలియదు. మందపాటి ఎడ్జ్ హ్యాండిల్ ద్వారా చేతికి తెలుస్తుంది. ఈక అంత సన్నటిదైతే, అదే క్షణంలో బ్యాట్ నేలకో ప్యాడ్‌కో తగిలితే, ఆడినవాడే తేల్చుకోలేడు. గ్లోవ్‌కు తగిలిందని తెలిసినా అది ఔటా కాదా అన్నది వేరే సంగతి. బ్యాట్ పట్టుకున్న చేతి గ్లోవ్‌కు తగిలితేనే బ్యాట్‌కు తగిలినట్టు లెక్క. 2005 ఎడ్జ్‌బాస్టన్ టెస్టు చివరి వికెట్ చూడండి. బంతి తగిలేసరికి, గ్లోవ్ ఉన్న ఆస్ట్రేలియా బ్యాటర్ కాస్ప్రోవిచ్ చెయ్యి బ్యాట్‌ను వదిలేసింది. అంపైర్ బౌడెన్ ఔటిచ్చాడు, ఇంగ్లండ్ 2 పరుగులతో గెలిచింది. మైదానంలో అప్పటికప్పుడు అది ఎవరూ పసిగట్టలేకపోయారు.

నాకు అసలు భయం సగం నిజాయితీ గురించి. అందరికీ కనిపించే ఎడ్జ్‌కు వెళ్లిపోయి, ఎవరికీ వినపడని ఎడ్జ్‌కు నిలబడే బ్యాటర్లు ఉంటారు. 'ఇతను తగిలితే వెళ్లిపోయే రకం, నిలబడ్డాడంటే తగల్లేదు' అని అంపైర్ మనసులో పడిపోతుంది. అసలు వెళ్లనివాడి కన్నా వీడి వల్లే ఎక్కువ నష్టం. పైగా తగలకుండానే ఔటిచ్చిన బ్యాటర్‌ను ఏ ఒప్పందమూ వెనక్కి తీసుకురాదు. అక్కడ అసంతృప్తి చూపిస్తే 42వ నిబంధన కింద మొదటిసారి హెచ్చరిక, మళ్లీ చేస్తే అవతలి జట్టుకు 5 పరుగులు.

కవర్‌పాయింట్:
రెండు వైపులా బలం ఉంది. మరి ఒప్పందాన్ని ఎంతవరకు పెట్టొచ్చు? తగిలిందనుకుని వెళ్లిపోయాక అది నోబాలో, నేలకు తగిలిన క్యాచో అని తేలితే?

స్క్వేర్‌లెగ్:
బ్యాటర్ కచ్చితంగా చెప్పగలిగిన ఎడ్జ్‌లకే పెట్టండి. ఎల్బీడబ్ల్యూ జోలికి పోవద్దు, బంతి ఎక్కడ పడిందో, స్టంప్స్‌కు తగిలేదో లేదో బ్యాటర్ నిలబడ్డ చోటు నుంచి చెప్పలేడు. నేలకు దగ్గరగా పట్టిన క్యాచ్‌లూ అంతే, వాటిని ఇద్దరు అంపైర్లు మాట్లాడుకుని తేల్చాలి. నిలబడ్డవాడిని దొంగ అనకూడదనే మాట కూడా ఒప్పందంలో రాయండి, లేదంటే కొత్త గొడవలు మొదలవుతాయి. అంపైర్లకు మాత్రం ఒకటే చెప్పండి: అప్పీల్ అయ్యాక బ్యాటర్ ముఖం చూడొద్దు, బంతి ప్రయాణాన్ని మనసులో ఒకసారి తిరగేసుకుని అప్పుడు నిర్ణయం చెప్పాలి. నాన్‌స్ట్రైకర్ గారు చెప్పిన సగం నిజాయితీకి విరుగుడు అదే.

పొరపాటున వెళ్లిపోయిన బ్యాటర్ విషయం 31.7లో ఉంది. ఔటివ్వకుండానే, ఔటయ్యాననే భ్రమలో వెళ్తున్నాడని అంపైర్‌కు నమ్మకం కుదిరితే డెడ్‌బాల్ (ఆ బంతికి ఆట ఆగినట్టు) ప్రకటించి వెనక్కి పిలవాలి. తర్వాతి బంతి ఆటలోకి వచ్చేలోపు ఎప్పుడైనా పిలవొచ్చు. అది చివరి వికెట్ అయితే అంపైర్లు మైదానం వదిలేదాకా గడువుంటుంది. ఫీల్డింగ్ కెప్టెన్ అప్పీల్ వెనక్కి తీసుకోవాలంటే మాత్రం అంపైర్ ఒప్పుకోవాలి, అది కూడా తర్వాతి బంతి ఆటలోకి వచ్చేలోపే, ఇన్నింగ్స్ ముగిసి ఉంటే అంపైర్లు మైదానం వదిలేలోపే జరగాలి. 1980లో ముంబై టెస్టులో కీపర్ క్యాచ్‌కు ఔటిచ్చిన ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ను భారత కెప్టెన్ విశ్వనాథ్ వెనక్కి పిలిపించింది అలాగే. మీ కెప్టెన్లకు ఈ గడువులు సీజన్‌కు ముందే చెప్పి ఉంచండి, మైదానంలో ఎవరికీ గుర్తుండవు.