కోపానికి కూడా ‘ఫైర్’ అనే రాయాలా?

ప్రొద్దుటూరు, తెలుగు టీచర్:
పొద్దున పేపరు తెరిస్తే ‘అధికారులపై ఎమ్మెల్యే ఫైర్’. పక్క పేజీలో ‘పంట బీమాపై రైతుల ఫైర్’. దాని కిందే ‘గోడౌన్‌లో ఫైర్ యాక్సిడెంట్’. మంటకు, బండికి, తుపాకీకి ‘ఫైర్’ అంటే అననీండి. కోపానికి మాత్రం వద్దని నా వాదన. మీరేమంటారు?

ఇంగ్లీషు మీద పగతో చెప్పడం లేదు. అసలు ‘ఫైర్ అయ్యాడు’ అన్నది ఇంగ్లీషు వాడుకే కాదు. వాళ్లు తుపాకీ పేలిస్తే ఫైర్ చేశాడంటారు. ఉద్యోగంలోంచి తీసేసినా ఫైర్ చేశారనే అంటారు. ఈ వాడుక 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో మొదలైంది. ఈ మధ్య పిల్లలు పాట అదిరిందని చెప్పడానికీ ‘ఫైర్’ అంటున్నారు. మనిషికి కోపమొచ్చిందని చెప్పడానికి మాత్రం అలా అనరు. మన ‘మండిపడ్డాడు’లో మంట తీసేసి ఫైర్ పెట్టుకున్నది మనమే.

మండిపడడం వేరు, కస్సుమనడం వేరు, నిప్పులు చెరగడం వేరు. అగ్గిమీద గుగ్గిలమయ్యాడంటే మాట పడీ పడగానే భగ్గుమన్నాడని తెలుస్తుంది. కడుపు మండిందంటే ఆ కోపం వెనక బాధ ఉంది. బీమా డబ్బు రాని వేరుశనగ రైతు కడుపు మండి మాట్లాడితే, ‘రైతుల ఫైర్’ అన్న హెడ్డింగులో ఆయన బాధ ఏమైపోయింది? అధికారిని కేకలేసిన ఎమ్మెల్యేకూ, పెట్టుబడి పోగొట్టుకున్న రైతుకూ ఒకే మాటా? నన్ను అన్నిటికన్నా కష్టపెట్టేది ఇదే. 1820లో బ్రౌన్ దొర వచ్చి పనిచేసిన కడప జిల్లా ఇది. పండితులను కూర్చోబెట్టుకుని మన మాటలను నిఘంటువుకెక్కించాడాయన.

అనంతపురం, పేపర్ డెస్క్:
సార్, రాత్రి పేజీ వదిలే టైంలో సింగిల్ కాలమ్ హెడ్డింగుకు మాట వెతకడం ఎంత టెన్షనో మాకు తెలుసు. ‘మండిపాటు’ పట్టదు, ‘ఫైర్’ పడుతుంది. జనానికి తెలియని మాట కూడా కాదు, ఊళ్లలో ముసలివాళ్లూ అంటున్నారు. బస్సు, రైలు రాలేదా?

ప్రొద్దుటూరు:
బస్సు వచ్చేనాటికి మనకు బస్సు లేదు. కోపం ఎప్పటినుంచో ఉంది, మాటలూ ఉన్నాయి. పొట్టి మాటే కావాలంటే ‘ధ్వజం’ రెండక్షరాలే కదా.

అనంతపురం:
‘ధ్వజం’ ప్రతిపక్షం వాళ్లు విమర్శించినప్పుడే సార్. ఎమ్మెల్యే తన కింది అధికారిని తిడితే ‘ధ్వజం’ అని ఎలా పెట్టేది?

కర్నూలు, ఫైర్ సర్వీసు రిటైర్డ్:
నేను చెప్పేది మంట గురించి. ఎండాకాలం గడ్డివామి అంటుకుంటే ఏ రైతూ ‘అగ్నిమాపక కేంద్రమా?’ అని అడగడు. ‘సార్, ఫైరింజన్ పంపండి’ అంటాడు. బోర్డు మీద అగ్నిమాపక అని ఉండనీండి, పక్కనే ఫైర్ స్టేషన్ అనీ ఉండాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పడానికి పోయిన ఫైర్ సిబ్బంది ఎందరో చనిపోయారు. వాళ్లను తలుచుకుంటూ ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు చేస్తాం. అప్పుడు బడిపిల్లలకు 101 గురించి చెప్పేటప్పుడు కూడా ‘ఫైర్’ అనే చెప్పాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు నోటికి అందే మాటే మంచి మాట.

అయితే ‘ఫైర్ యాక్సిడెంట్ అయ్యింది, రండి’ అని ఫోన్ పెట్టేస్తే మాకు చాలదు. కాలుతున్నది వామా, ట్రాన్స్‌ఫార్మరా, డీజిలా? కరెంటుంటే ముందు లైన్ ఆపించాలి, ఆ తర్వాతే నీళ్లు. డీజిల్ మీద నీళ్లు కొడితే నూనె పైకి తేలి మంట ఇంకా పాకుతుంది, దానికి నురగ కావాలి. మూసిన గదిలోంచి పొగ మాత్రమే వస్తోందంటే, తలుపు తెరవొద్దని ఫోన్‌లోనే చెప్తాం. లోపల గాలి చాలక అణిగిన మంట తలుపు తీయగానే మీదికి ఎగబాకుతుంది. అంటుకుందా, పేలిందా, పొగ వస్తోందా, ఆ మాట మాకు కావాలి. ఈ విషయంలో టీచర్ సార్ వైపే ఉన్నాను.

తాడిపత్రి, బెంగళూరులో ఉద్యోగం:
మా ఆఫీసులో ఒకరిని ఫైర్ చేశారని ఫోన్‌లో చెప్తే, ‘తిడితే తిట్టినారులే, రేపు మర్చిపోతారు’ అనింది మా అమ్మ. పేపర్ చదివేవాళ్లకు ఫైర్ అంటే తిట్టడమే మరి. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి మనుషులను తీసేస్తే అది లేఆఫ్. పని బాగాలేదనో తప్పు చేశారనో తీసేస్తే ఫైర్. ఆ తేడా చెప్పకుండా వార్త రాస్తే, పోయిన ఉద్యోగంతో పాటు ఆ మనిషి పేరు కూడా పోతుంది. ‘ఉద్యోగంలోంచి తీసేశారు’ అని రాసి, ఎందుకో కూడా రాయండన్నా.

అనంతపురం:
రైతు సంగతి ఒప్పుకుంటా సార్. ఇకనుంచి అలాంటి వార్తకు ‘కడుపు మండిన రైతన్న’ అని రెండు లైన్లు పెడతాం, చోటు ఎక్కువైనా సరే. ఎమ్మెల్యే వార్తకు మాత్రం సింగిల్ కాలమ్‌లో పట్టే మాట చెప్పండి.

తాడిపత్రి:
‘గద్దింపు’ పెట్టొచ్చు కదన్నా?

అనంతపురం:
పడుతుంది. కానీ గద్దించాడంటే అవతలివాడు నోరు మూసుకున్నట్టు అనిపిస్తుంది. నిన్న ఆ అధికారి కూడా గట్టిగానే బదులు చెప్పినాడు.