కంప్రెసర్ సీఎఫ్‌డీ కొత్తగా మొదలుపెడుతున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం ఈ మధ్యే ఇక్కడికి వచ్చాను. థీసిస్ టర్బోమెషినరీ గ్రూపులో దొరికింది. యాక్సియల్ కంప్రెసర్ స్టేజ్‌లో (తిరిగే రోటార్ బ్లేడ్ల వరస, దాని వెనక కదలని స్టేటర్ వరస) గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించి సిమ్యులేట్ చేయాలి, అదే సీఎఫ్‌డీ. బీటెక్‌లో ఎయిర్‌ఫాయిల్ మీద, పైపుల్లో సీఎఫ్‌డీ చేశాను గానీ తిరిగే యంత్రాల జోలికి పోలేదు. సుడుల ప్రవాహాన్ని లెక్కలోకి తెచ్చే టర్బులెన్స్ మోడల్ ఏది వాడాలి, కాలంతో మారని స్టెడీ రన్ సరిపోతుందా, కాలంతో మారే అన్‌స్టెడీ తప్పదా అన్నది తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో ఉన్న పెద్దలు ఎవరైనా దారి చూపగలరు.

---

తమ్ముడూ, మంచి గ్రూపులో పడ్డావు. నాదీ ఇదే పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

టర్బులెన్స్ మోడల్ గురించి అంత బెంగ వద్దు. స్పలార్ట్-ఆల్మరాస్ గానీ, మెంటర్ ఎస్‌ఎస్‌టీ గానీ మీ గ్రూపులో ఏది అలవాటైతే దానితో మొదలుపెట్టు. రెండూ 1990ల మొదట్లో వచ్చినవే, ఇవాళ్టికీ డిజైన్ ఆఫీసుల్లో రోజువారీ పని చాలావరకు వీటితోనే నడుస్తోంది. ఫలితం తప్పడానికి అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది: మెష్‌లో (లెక్క కోసం గాలి ఉన్న చోటును విడగొట్టే చిన్న గళ్లలో) నువ్వు గీసిన యంత్రం, ల్యాబ్‌లో టెస్ట్ రిగ్‌లో తిరిగిన యంత్రం ఒకటే కాకపోవడం.

నాసా రోటార్ 37 పేరు వినే ఉంటావు, నాసా పరీక్షించిన కంప్రెసర్ రోటార్ అది. 36 బ్లేడ్లు, నిమిషానికి దాదాపు 17,190 చుట్లు, టిప్ (బ్లేడ్ కొస) దగ్గర వేగం సెకనుకు 454 మీటర్లు, ప్రెషర్ రేషియో 2.1. 1994లో దీన్ని ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) సదస్సులో బ్లైండ్ టెస్ట్‌గా పెట్టారు. జామెట్రీ ఇచ్చి, కొలతలు దాచిపెట్టి, మీ కోడ్ ఏం చెబుతుందో చూపించమన్నారు. వచ్చిన జవాబుల్లో ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన లేదు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది హబ్ (బ్లేడ్లు బిగించి ఉన్న మధ్య భాగం) దగ్గరి సంగతి. రిగ్‌లో కొలిచిన టోటల్ ప్రెషర్ హబ్‌కి కాస్త పైన తగ్గి, గ్రాఫ్‌లో లోపలికి కుంగినట్టు ఉంటుంది. ఆ కుంగుబాటు చాలా కోడ్‌లకు అందలేదు. 1997లో నాసా పరిశోధకులే ఒక కారణం చూపించారు: రోటార్‌కి ముందు, కదలని హబ్‌కీ తిరిగే హబ్‌కీ మధ్య ఒక సన్నని సందు ఉంటుంది, అందులోంచి కొద్దిపాటి గాలి కారినా ఆ కుంగుబాటు వస్తుంది. మిగతావాళ్ల మెష్‌లో ఆ సందే లేదు. అది కాదు, హబ్ మూలలో ఫ్లో విడిపోవడమే కారణం అన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా గానీ, మోడల్ మార్చుకుంటూ కూర్చుంటే ఆ సందు కనిపించదు.

అందుకని మెష్ ముట్టుకునే ముందు ఇచ్చిన డ్రాయింగ్‌ని ప్రశ్నలు అడుగు. బ్లేడ్ ఆకారం ఆగి ఉన్నప్పటిదా, పూర్తి వేగంతో తిరుగుతూ సాగి, మెలిక విప్పుకున్నప్పటిదా? టిప్ క్లియరెన్స్, అంటే బ్లేడ్ కొసకీ బయటి కేసింగ్ గోడకీ మధ్య సందు, ఎప్పుడు కొలిచారు? రోటార్ 37లో అది 0.356 మిల్లీమీటర్లు. అంత చిన్న సందులో పావు వంతు తేడా వచ్చినా స్టాల్ మార్జిన్ (ప్రవాహం తెగి కంప్రెసర్ మొరాయించే స్థితికి ఎంత దూరంలో ఉన్నామన్నది) కదులుతుంది. బ్లేడ్ హబ్‌ని కలిసే మూలలో ఫిల్లెట్ (గుండ్రని వంపు) ఉందా? ఇన్‌లెట్‌లో కేసింగ్ మీద బౌండరీ లేయర్ (గోడని అంటుకుని నెమ్మదించిన గాలి పొర) ఎంత మందం? వీటికి జవాబులు రాసిపెట్టుకుంటే సగం థీసిస్ అయినట్టే.

ఇక సెటప్. కొత్తవాళ్ల దగ్గర నేను మొట్టమొదట చూసేది కేసింగ్ గోడ. రోటార్ డొమైన్ మొత్తాన్ని తిరిగే ఫ్రేమ్‌లో పెడతాం కదా, సాల్వర్ గోడలన్నిటినీ దానితోపాటే తిప్పేస్తుంది. కానీ కేసింగ్ నిజంగా కదలదు. దాన్ని ఆబ్సల్యూట్ ఫ్రేమ్‌లో నిలబెట్టకపోతే టిప్ లీకేజ్ వోర్టెక్స్ (టిప్ సందులోంచి కారే గాలి కట్టే సుడి) పూర్తిగా మారిపోతుంది. అయినా రన్ చక్కగా కన్వర్జ్ అవుతుంది (లెక్క నిలకడకు వస్తుంది), అదే ప్రమాదం.

స్పీడ్‌లైన్ (ఒకే వేగంలో, సెకనుకు వెళ్లే గాలి అంటే మాస్ ఫ్లోకీ ప్రెషర్ రేషియోకీ మధ్య గీసే గీత) గీయడానికి చోక్ (ఇక ఎక్కువ గాలి పట్టని స్థితి) వైపు నుంచి మొదలుపెట్టు. ఎగ్జిట్‌లో స్టాటిక్ ప్రెషర్ తక్కువగా ఇచ్చి, మెట్టుమెట్టుగా పెంచు. ఒక్కో రన్‌ని ముందు రన్ ఫలితం మీదే మొదలుపెట్టు. చోక్ దగ్గర స్పీడ్‌లైన్ దాదాపు నిటారుగా ఉంటుంది, అంటే ప్రెషర్ ఎంత మార్చినా మాస్ ఫ్లో కదలదు. కాబట్టి అక్కడ మాస్ ఫ్లో ఇచ్చి లాభం లేదు. స్టాల్ వైపు అంతా తిరగబడుతుంది. గీత చదునుగా అయిపోయి, ప్రెషర్ పిసరంత పెంచితే మాస్ ఫ్లో దబ్బున పడిపోతుంది. అక్కడ మాస్ ఫ్లో ఔట్‌లెట్‌కో, థ్రాటిల్ బౌండరీ కండిషన్‌కో మారు. ఇంకో మాట, స్టెడీ రన్ డైవర్జ్ అయిన (లెక్క చెదిరిపోయిన) చోటును స్టాల్ పాయింట్ అని రాయకు. రొటేటింగ్ స్టాల్ అనేది చక్రం చుట్టూ తిరిగే అన్‌స్టెడీ వ్యవహారం, రెండు బ్లేడ్ల మధ్య ఉండే ఒక్క పాసేజ్‌లో అది ఇమడదు.

రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) పడిపోగానే పని అయిపోయిందనుకోకు. ఇన్‌లెట్, ఔట్‌లెట్ మాస్ ఫ్లోలు కలిశాయా, ప్రెషర్ రేషియో, ఎఫిషియన్సీ నిలకడగా ఉన్నాయా చూడు. ఎఫిషియన్సీ ఎంత సున్నితమైనదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఇన్‌లెట్ 288 కెల్విన్, ప్రెషర్ రేషియో 2.1 అయితే ఆదర్శంగా పెరగాల్సిన ఉష్ణోగ్రత సుమారు 68 కెల్విన్. నిజంగా 78 పెరిగితే ఎఫిషియన్సీ 87 శాతం చిల్లర. ఆ 78 కాస్తా 79 అయితే ఒక శాతానికి పైగా పోతుంది. ఒక శాతం కోసం కంపెనీల్లో జనం ఏళ్ల తరబడి కష్టపడతారు. కాబట్టి సిమ్యులేషన్ చెప్పిన ఎఫిషియన్సీ అంకెను అలాగే నమ్మకు. ఒకే మెష్ పద్ధతి, ఒకే మోడల్‌తో రెండు డిజైన్లు నడిపి, వాటి మధ్య తేడాను చూడు. సీఎఫ్‌డీకి అసలు బలం అక్కడుంది.

అన్‌స్టెడీ సంగతికొస్తే, ముందు మిక్సింగ్ ప్లేన్‌తో స్టెడీ చేయి. రోటార్ వెనకాల వేక్‌లను (బ్లేడ్ల వెనక నెమ్మదించిన గాలి చారలను) అది చుట్టూ సగటు చేసి స్టేటర్‌కి అందిస్తుంది. అందుకే వేక్ వెళ్లి బ్లేడ్‌ని తాకడం అందులో కనిపించదు. రోటార్ మెష్ నిజంగానే కదిలే అన్‌స్టెడీ పద్ధతికి, అంటే స్లైడింగ్ మెష్‌కి వెళ్లాలంటే ముందు బ్లేడ్ల లెక్క చూసుకో. రోటార్‌లో 36, స్టేటర్‌లో 46 ఉన్నాయనుకో. రెండిటికీ ఉన్న పెద్ద ఉమ్మడి గుణకం 2 మాత్రమే. అంటే ఉన్నదున్నట్టు చేయాలంటే 18 రోటార్ పాసేజ్‌లు, 23 స్టేటర్ పాసేజ్‌లు, సగం చక్రం మెష్ చేయాలి. క్లస్టర్‌లో నీకు ఎన్ని కోర్లు ఇస్తారో అడిగాకే ఆ మాట థీసిస్ ప్రపోజల్‌లో పెట్టు.

---

అక్క చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను. నేను టర్బైన్ వైపు పనిచేస్తాను.

టర్బోమెషినరీ పరిశోధకుడు జాన్ డెంటన్ 1993లో టర్బోమెషిన్లలో లాస్ (శక్తి నష్టం) మీద రాసిన పేపర్ తప్పక చదవండి. లాస్‌ని ఎంట్రొపీ పెరుగుదలగా చూడటం దాంతో బాగా అలవాటవుతుంది. ప్రెషర్ కాంటూర్లు అందంగా ఉంటాయి గానీ, ఎంట్రొపీ ప్లాట్ చేస్తేనే లాస్ ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. ఆయన కోడ్ మల్టాల్ ఉచితంగానే దొరుకుతుంది, నేర్చుకోవడానికి బాగుంటుంది.

ఇంకోటి, ఇది విదేశంలో ఉన్నవాళ్లకు ముఖ్యం. ఇంజన్ జామెట్రీ ఫైళ్లకు చాలా దేశాల్లో ఎగుమతి నియంత్రణ చట్టాలు వర్తిస్తాయి. వేరే దేశపు పౌరుడికి చూపించడాన్నే ఎగుమతి కింద లెక్కేసే దేశాలున్నాయి. కంపెనీ ఇచ్చిన ఫైలు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని సెలవులకు ఊరెళ్లకండి. మీ గైడ్‌ని, యూనివర్సిటీలో ఆ వ్యవహారం చూసే ఆఫీసుని ముందే అడగండి. రోటార్ 37 లాంటి కేసుల డేటా బహిరంగంగా ఉంది కాబట్టి, ఉద్యోగం ఇంటర్వ్యూలలో చూపించడానికి అలాంటిది ఒకటి పక్కాగా చేసిపెట్టుకోండి.

---

థాంక్యూ అక్కా, థాంక్యూ అన్నా. ఈరోజే డేటా చూశాను. టిప్ క్లియరెన్స్ ఒకటే అంకె ఉంది, తిరుగుతున్నప్పటిదో ఆగి ఉన్నప్పటిదో రాయలేదు. ఏం చేయమంటారు?

---

ముందు రిగ్ నడిపిన టెక్నీషియన్ దగ్గరికి వెళ్లి అడుగు తమ్ముడూ, రిపోర్టులో లేనిది ఆయన నోట్‌బుక్‌లో ఉండొచ్చు. దొరక్కపోతే ఆ అంకెతో ఒకటి, అంతకు తక్కువతో ఒకటి, ఎక్కువతో ఒకటి, మూడు స్పీడ్‌లైన్లు గీయి. మూడిట్లోనూ సందులో గోడ నుంచి గోడకి సెల్స్ సంఖ్య ఒకేలా ఉంచు, లేకపోతే మెష్ ప్రభావం, క్లియరెన్స్ ప్రభావం కలిసిపోతాయి. మూడూ ఒకే గ్రాఫ్ మీద పెట్టి, రిగ్ కొలతల చుక్కలు వాటి మధ్య ఎక్కడ పడుతున్నాయో చూసి మీ గైడ్‌కి చూపించు. టర్బులెన్స్ మోడల్ మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.