అప్‌డేట్: మా బాబాయి కోసం రాస్తున్న ఎన్‌వీడీఏ తెలుగు నోట్స్

చూపు పోయిన మా బాబాయికి, కంప్యూటర్ తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ నేర్పాలి, తెలుగు నోట్స్ ఎక్కడ మొదలెట్టాలి అని పోయిన నెల అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ముందు రాసిందంతా తీసేశా. అందులో "కుడివైపు పైనున్న బటన్ నొక్కండి" అని రాశాను, కనపడని మనిషికి ఆ మాట దేనికి పనికొస్తుంది, తలుచుకుంటే బాధేసింది.

ఇప్పుడు మొదటి పాఠం, మాట ఆపాలంటే కంట్రోల్ కీ, అంతే. రెండోది ఇన్సర్ట్ పట్టుకుని పైవరసలో 1 నొక్కడం, ఆ తర్వాత ఏ కీ నొక్కినా దాని పేరూ పనీ చెప్తుంది గానీ ఏమీ జరగదు, మళ్ళీ ఇన్సర్ట్ 1 నొక్కితే మామూలైపోతుంది. బాబాయి దీంతోనే రెండ్రోజులు కీబోర్డంతా తడుముకుంటూ కూర్చున్నాడు, ఏదైనా పాడైపోతుందేమో అన్న భయం పోయింది, నాకు అదే పెద్ద సంతోషం.

కష్టమైంది మాత్రం బ్రౌజ్ మోడ్, అంటే కీలతో వెబ్ పేజీలో తిరుగుతూ చదివే పద్ధతి. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి వెళ్తుంది, అదే టైప్ చేసే బాక్సులో ఉంటే హెచ్ అక్షరమే పడుతుంది, ఇన్సర్ట్ స్పేస్‌తో మోడ్ మార్చుకోవాలి. ఈ పాఠం మూడుసార్లు తిరగరాశా, ఇప్పుడు నా గొంతుతో రికార్డ్ చేస్తున్నా.