ఆయిల్ ప్రెషర్ గేజ్: గొట్టంతోనా, తీగతోనా?

పాతబండి:
నా దగ్గరున్న 1950 నాటి షెవర్లే 3100 పికప్‌లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 216 (ఘనపు అంగుళాల) ఇంజిన్ ఇప్పుడు లేదు. నాకు ముందున్న యజమాని దాన్ని తీసేసి 1950ల చివరి నాటి 235 ఇంజిన్‌ను కూర్చోబెట్టారు. డ్యాష్‌బోర్డులోని ఆయిల్ ప్రెషర్ గేజ్ మాత్రం పాతదే, దాని మీద అంకెలు 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆగిపోతాయి. ఇంజిన్ అందుకోగానే ముల్లు కుడి చివరికి వెళ్లి, బండి ఆపేదాకా అక్కడే ఆనుకుని ఉంటుంది. పైగా ఇంజిన్ నుంచి గేజ్ దాకా వచ్చే సన్నటి రాగి గొట్టానికి చిలుము పట్టింది, గేజ్ వెనక నట్టు కింద వేలు పెడితే నూనె అంటుతోంది. గేజ్ మార్చక తప్పదు. మళ్లీ గొట్టంతో నూనెను క్యాబిన్‌లోకి తెచ్చే మెకానికల్ గేజే బిగించాలా, ఇంజిన్ మీద సెండర్ (ఒత్తిడిని బట్టి విద్యుత్ నిరోధం మారే భాగం) పెట్టి ఒక్క తీగ లాగే ఎలక్ట్రికల్ గేజ్‌కు మారాలా?

గ్రీజుచేయి:
ముందుగా ముల్లు సంగతి. 216లో కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు నూనె పూర్తి ఒత్తిడితో అందదు. రాడ్ల అడుగున ఉండే గరిటెల్లాంటి డిప్పర్లు తొట్టిలోని నూనెను, వేగం పెరిగాక నాజిళ్ల నుంచి చిమ్మే ధారను అందుకుంటాయి. అంత తక్కువ ఒత్తిడితో నడిచే ఇంజిన్‌కు 30 అంకె చాలు. మీ 235 బేరింగులన్నిటికీ ఒత్తిడితోనే నూనె పంపే ఇంజిన్ కాబట్టి దానికి 60 వరకు చూపే గేజ్ కావాలి. ఇప్పటికే రోజూ కొలతకు మించి నెట్టించుకున్న పాత గేజ్‌ను ఇక నమ్మవద్దు.

అసలు ప్రశ్నకు నా జవాబు మెకానికల్ గేజే. 1849లో యూజీన్ బోర్డాన్ పేటెంట్ తీసుకున్న వంపు గొట్టమే నేటికీ దాని గుండె. పిల్లలు ఊదితే చుట్ట విప్పుకునే కాగితపు పీపీలాగా, లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ గొట్టం సాగబోతుంది, ఆ కదలికను చిన్న పళ్లచక్రం ముల్లుకు అందిస్తుంది. బ్యాటరీ, ఎర్త్, నిరోధం వంటి మధ్యవర్తులెవరూ లేరు.

తీగలమనిషి:
మధ్యవర్తులు లేరన్నది నిజమే, అందుకే ఇంజిన్‌లోని నూనె నేరుగా మన కాళ్ల దగ్గరికి వస్తుంది. నా పికప్‌లో నైలాన్ గొట్టం ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ) రంధ్రం అంచుకు ఒరుసుకుని ఒక రాత్రి దారిలో తెగిపోయింది. మొదట వాసన వచ్చింది, తర్వాత కుడికాలి చెప్పు యాక్సిలరేటర్ మీద జారడం మొదలైంది. గేజ్ వైపు చూసేసరికి ముల్లు సున్నా దగ్గరుంది. రంధ్రానికి గ్రోమెట్ వేయకపోవడం నా తప్పేనని ఒప్పుకుంటాను, కానీ ఒక రబ్బరు ముక్క మరచిపోయినందుకు ఇంజిన్‌లోని నూనెంతా పోగొట్టుకునే ఏర్పాటు నాకు వద్దు. గొట్టం తెగి ఆ నూనె మండిపోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి వెళ్లే గొట్టాలు) మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గ్రీజుచేయి:
గొట్టం తెగినప్పుడు మీ గేజ్ సున్నా చూపింది, మీరు బండి ఆపారు, ఇంజిన్ బతికింది. ఇప్పుడు తీగ సంగతి చూద్దాం. జనరల్ మోటార్స్ బండ్లలో ఎక్కువగా కనిపించే 0–90 ఓమ్‌ల సెండర్‌లో ఒత్తిడి లేనప్పుడు నిరోధం సున్నా, 60 పీఎస్‌ఐ దగ్గర 90 ఓమ్‌లు ఉంటుంది. తీగ ఊడిపోతే నిరోధం అనంతం, కనుక ముల్లు కుడి చివరికి వెళ్లి కూర్చుంటుంది. అంటే పాతబండి గారికి ఇన్నాళ్లూ అలవాటైన చోటికే. ఆయనకు అనుమానం వస్తుందా? పగిలి చెప్పే అబద్ధంకంటే పగిలి చెప్పే నిజం మేలు కదా.

తీగలమనిషి:
అది 0–90 పద్ధతికే వర్తించే లోపం. విడిగా కొనే గేజ్‌లలో చాలావాటికి సెండర్ 240–33 ఓమ్‌లది. అందులో ఒత్తిడి లేనప్పుడే నిరోధం ఎక్కువ, కాబట్టి తీగ ఊడితే ముల్లు సున్నాకే వస్తుంది. అదే తీగ ఒరిసి బాడీకి తగిలితే గరిష్ఠానికి పోతుందని మీరు అనే లోపు నేనే చెబుతున్నాను. ఏ పద్ధతికైనా ఒక వైపు అబద్ధం తప్పదు. తీగకు స్లీవ్ తొడిగి, సెండర్ మీద తీగ తగిలించే పోస్టుకు నట్టు గట్టిగా బిగించడం కష్టమేమీ కాదు. ఒక పద్ధతి గేజ్‌కు మరో పద్ధతి సెండర్ కలపకుండా చూసుకోవాలి, కలిపితే ముల్లు తలకిందులుగా మాట్లాడుతుంది.

నిదానం:
మీరిద్దరూ దాటవేసిన చోటే ఎక్కువ మంది చేతులు కాల్చుకుంటారు, అది ఇంజిన్ బ్లాక్ మీది రంధ్రం. అమెరికన్ ఇంజిన్లలో అక్కడ సాధారణంగా ఉండేది 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు కొలత) మర, అంగుళానికి 27 చుట్లు. చేతికి దొరికే ఫిట్టింగ్ 1/8 బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) అయితే దానికి 28 చుట్లు ఉంటాయి, వ్యాసం దాదాపు ఒకటే. అందుకే అది రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది. మర బిగిసిందనుకుని పానాతో ఇంకాస్త తిప్పిన చేతికి తెలిసేది కారడం మొదలయ్యాకే. వేళ్లతో మూడు నాలుగు చుట్లు నునుపుగా తిరగనిదేదీ పానాతో తిప్పవద్దు.

ఒక్క తీగ సెండర్‌కు ఎర్త్ దాని మరల గుండానే అందుతుంది, కాబట్టి టెఫ్లాన్ టేపు పొరలు పొరలుగా చుడితే కొలత తప్పవచ్చు. లిక్విడ్ సీలెంట్‌ను పలచగా, మొదటి మర వదిలేసి పూస్తే చాలు. పెద్ద డబ్బాలాంటి సెండర్‌ను ఇత్తడి టీ (T ఆకారపు మూడు దారుల ఫిట్టింగ్) మీద నేరుగా నిలబెడితే ఇంజిన్ అదురుకు టీ మెడ విరగవచ్చు. సెండర్‌ను పొట్టి హోస్‌తో పక్కకు తెచ్చి క్లాంపుతో పట్టి, దానికి విడిగా ఎర్త్ తీగ ఇవ్వాలి.

ఇంతకీ పాతబండి గారూ, మీ బండి ఎన్ని ఓల్టులది?

పాతబండి:
ఇంకా 6 ఓల్టులే. జనరేటర్, స్టార్టర్ అన్నీ అసలువే, మార్చే ఉద్దేశం లేదు.

తీగలమనిషి:
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే నా కీబోర్డు సగం అరిగేది కాదు. 12 ఓల్టులకు చేసిన గేజ్ 6 ఓల్టుల మీద చూపే కొలతను నమ్మలేము. ఓల్టేజీ పెంచే చిన్న కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒక్క గేజ్ కోసం మరో పెట్టెను బిగించమని నేను చెప్పను. మెకానికలే పెట్టుకోండి. గొట్టం మాత్రం నైలాన్‌ది వద్దు.

గ్రీజుచేయి:
రాగిది కూడా వద్దు, అదురుకు రాగి గట్టిపడి ఫెర్రూల్ (గొట్టాన్ని బిగించి పట్టే ఉంగరం) దగ్గర చిట్లుతుంది. తప్పదంటే ఇంజిన్‌కూ ఫైర్‌వాల్‌కూ మధ్య ఒక చుట్ట తిప్పాలి. స్టీలు జాలీ అల్లిన హోస్ మేలు. బ్లాక్ వైపు సన్న రంధ్రమున్న రెస్ట్రిక్టర్ ఫిట్టింగ్ పెడితే, హోస్ తెగినా నూనె ధారగా కాక సన్నగా కారుతుంది. గేజ్ గొట్టంలో నూనె పారదు, నిలిచి ఉంటుంది. కాబట్టి రంధ్రం చిన్నదైనా కొలత మారదు, చలిలో ముల్లు కాస్త బద్ధకిస్తుందంతే.

పాతబండి:
పని ముగిసింది. బ్లాక్ మీద రెస్ట్రిక్టర్, దాని నుంచి పొట్టి హోస్, బ్రాకెట్ మీద టీ. టీకి ఒక వైపు అల్లిక హోస్ 60 పీఎస్‌ఐ మెకానికల్ గేజ్‌కు వెళ్తుంది, రెండో వైపు ప్రెషర్ స్విచ్ ఉంది, దానికి 6 ఓల్టుల ఎర్ర బల్బు కలిపాను. తాళం తిప్పగానే బల్బు వెలుగుతోంది, ఇంజిన్ అందుకున్న రెండు క్షణాలకు ఆరిపోతోంది. వేడెక్కాక ఐడిల్‌లో ముల్లు 18 దగ్గర, కాస్త వేగం మీద 38 దగ్గర నిలుస్తోంది. ఈ బండిలో ముల్లు మధ్యలో నిలవడం నేను చూడడం ఇదే మొదటిసారి.

తీగలమనిషి:
ఫైర్‌వాల్‌కు గ్రోమెట్ వేశారా?

పాతబండి:
రెండు వేశాను.